సీరియం: ఖాళీ చేసి మళ్ళీ వచ్చే నాలుగో ఎలక్ట్రాన్

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసినది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

మామూలుగా మీటింగుల్లో ఫోన్లు లోపల పెట్టుకోమంటారు కదా, నేను బయటికి తీయమంటున్నాను. తీసి వెనక్కి తిప్పండి. కెమెరా పక్కన ఫ్లాష్ ఉంటుంది, వెలిగించొద్దు, ఊరికే దగ్గరగా చూడండి. లోపల పసుప్పచ్చగా చిన్న చుక్క కనిపిస్తోందా? నిమ్మపండు రంగులో? వెలిగిస్తే తెల్లగా ఉండేది ఆర్పి ఉన్నప్పుడు పసుప్పచ్చగా ఎందుకుండాలి? ఈ ప్రశ్న అలా ఉంచండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను. అందులో ఉన్నది సీరియం అనే మూలకం. ఇవాళ్టి మాటంతా దాని గురించే.

ఈమధ్య రేర్ ఎర్త్ అన్న మాట పేపర్లో తరచూ కనిపిస్తోంది. 2025 ఏప్రిల్లో చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది, దాంతో ఎలక్ట్రిక్ బండ్లు తయారు చేసేవాళ్ళకి వాటితో చేసే అయస్కాంతాల టెన్షన్ పట్టుకుంది. నన్ను పిలిచినవాళ్ళు కూడా ఆ అయస్కాంతాల గురించే చెప్తాననుకుని ఉంటారు. చెప్పను. ఆ ఏడింటిలో లేనిదాని గురించి చెప్తాను. సీరియానికి కొరత లేదు, ఆంక్ష లేదు, పైపెచ్చు మిగిలిపోయి గుట్టలు పడుతుంది. అయినా రేర్ ఎర్త్ అనే పదిహేడు మూలకాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే, ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

ముందు ఆ పేరు సంగతి. మన తెలుగు పుస్తకాల్లో విరళ మృత్తికలు అని రాశారు. విరళం అంటే అరుదు, మృత్తిక అంటే మట్టి. నన్నడిగితే రెండు మాటలూ తప్పే. మట్టి కాదు, లోహాలు. నీళ్ళలో కరగని, నిప్పులో పెట్టినా చెక్కుచెదరని ఆక్సైడ్లని పాతకాలం కెమిస్టులు మట్టి అనేవాళ్ళు, ఆ పేరే ఉండిపోయింది. పోనీ అరుదా? భూమి పైపొరలో టన్నుకి సగటున 60 గ్రాముల పైచిలుకు సీరియం ఉంటుంది. రాగి కూడా ఇంచుమించు అంతే. తగరం 2 గ్రాములు. బంగారం ఎంతనుకుంటున్నారు? గ్రాముల్లో కాదండీ, 4 మిల్లీగ్రాములు. మరి రాగి లాంటి సీరియాన్ని అరుదు అంటున్నామే, రాగి చెంబుని ఎవరైనా అరుదైన చెంబు అంటారా?

కాకపోతే ఒక చిక్కుంది. ఇవి ఒకచోట పోగుపడి దొరకవు, దొరికినచోట ఒంటరిగా దొరకవు. పదిహేడులో స్కాండియం, యిట్రియం పక్కన పెడితే, లాంథనం నుంచి లుటేషియం దాకా పదిహేనుమంది అన్నదమ్ములు ఒకే గుడ్డలో చొక్కాలు కుట్టించుకుని నిలబడ్డట్టుంటాయి. అందరూ మూడేసి ఎలక్ట్రాన్లు ఇస్తారు, అందరి సైజూ కొంచెం అటూ ఇటూగా ఒకటే. వీళ్ళని విడదీయడం ఎంత కష్టమో తెలుసా? 1911లో ఛార్లెస్ జేమ్స్ అనే కెమిస్టు థూలియం ఒక్కదాన్ని శుద్ధి చెయ్యడానికి 15 వేల సార్లు కరిగించి, మళ్ళీ స్ఫటికాలుగా గడ్డకట్టించాడు. 15 వేల సార్లు! మనం కాఫీ డికాక్షన్ రెండోసారి వడకట్టడానికే విసుక్కుంటాం.

ఆ పదిహేనుమందిలో ఒకడు మాత్రం గుంపులోంచి తేలిగ్గా బయటికొచ్చేస్తాడు. అదే సీరియం. ఎందుకు? ఈ ఒక్క ముక్క జాగ్రత్తగా వినండి, తర్వాత చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది.

సీరియం పరమాణు సంఖ్య 58, అంటే 58 ఎలక్ట్రాన్లు. అందులో 54 జినాన్ వాయువులో ఉన్నట్టే కుదురుగా ఉంటాయి, వాటి జోలికి ఎవరూ పోలేరు. మిగిలినవి నాలుగు. రెండు 6ఎస్ లో, ఒకటి 5డీ లో, ఒకటి 4ఎఫ్ లో. ఇవి ఎలక్ట్రాన్లుండే గదుల పేర్లనుకోండి. మొదటి మూడూ తేలిగ్గా పోతాయి, అది ప్లస్ 3 స్థితి, అన్నదమ్ములందరికీ ఉన్నదే. తేడా ఆ నాలుగోదానితో వస్తుంది. మిగతావాళ్ళలో ఎఫ్ ఎలక్ట్రాన్లు లోపలి గదిలో గడియ పెట్టుకుని కూర్చుంటాయి, పిలిచినా బయటికి రావు. వరసలో ముందుకు వెళ్ళేకొద్దీ కేంద్రకంలో ధనావేశం పెరుగుతుంది, ఆ లాగుడికి ఎఫ్ ఎలక్ట్రాన్లు ఇంకా లోపలికి పోతాయి. సీరియం ఆ వరస మొదట్లో ఉంది కాబట్టి దాని ఎఫ్ ఎలక్ట్రాన్ ఇంకా గడప దగ్గరే ఉంది. గట్టిగా అడిగితే ఇల్లు ఖాళీ చేస్తుంది. ఖాళీ చేస్తే మిగిలేది అచ్చం జినాన్ అమరిక, అంటే కుదురు. అది ప్లస్ 4. మళ్ళీ రమ్మంటే వచ్చి ప్లస్ 3 లో కూర్చుంటుంది. మంచి అద్దెవాడండీ, పొమ్మంటే పోతాడు, రమ్మంటే వస్తాడు.

ప్రసియోడిమియం, టెర్బియం కూడా ఘన ఆక్సైడ్లలో ప్లస్ 4 కి వెళ్తాయి, కాదనను. కానీ నీళ్ళలో ప్లస్ 4 గా నిలబడగలిగేది సీరియం ఒక్కటే. రంగు చూసి చెప్పెయ్యచ్చు, ప్లస్ 3 కి రంగు లేదు, ప్లస్ 4 పసుపు నుంచి నారింజ రంగు. నిజానికి లెక్క ప్రకారం ఈ ప్లస్ 4 నీటినే ఆక్సీకరణం చేసి, అంటే దాని ఎలక్ట్రాన్లు లాక్కుని, ఆక్సిజన్ వదిలించాలి, అంత బలం ఉంది దానికి. కానీ ఆ చర్య నత్తనడక నడుస్తుంది, అందుకని సీసాలో నెలల తరబడి దాచుకోగలుగుతున్నాం.

ఇక్కడ నా పరువు నేనే తీసుకుంటాను. ఎమ్మెస్సీలో ఉండగా సెరిక్ అమ్మోనియం సల్ఫేట్ తో ఇనుము అంచనా కట్టే ప్రయోగం ఇచ్చారు. సెరిక్ అంటే ప్లస్ 4 సీరియం. బురెట్లో సెరిక్ ద్రావణం, కింద ఇనుముండే ఫెర్రస్ ఉప్పు, సూచికగా ఫెర్రాయిన్. ఎర్రగా ఉన్నది ఒక్క చుక్కతో లేత నీలంలోకి మారిపోతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నేను తెలివిగా సెరిక్ ఉప్పుని తూచి డిస్టిల్డ్ వాటర్లో పోసి గిలక్కొట్టాను. కాసేపటికి బియ్యం కడిగిన నీళ్ళలా అయింది. మబ్బు, అడుగున మడ్డి. మా మేష్టారు వచ్చి ఫ్లాస్కు ఎత్తి చూసి ఒకే ఒక్క మాటన్నారు, "యాసిడ్ ఏదయ్యా?" అంతే, వెళ్ళిపోయారు.

ఏం జరిగిందంటే, ప్లస్ 4 సీరియం అయాను చిన్నది, దాని మీద ఆవేశం పెద్దది. అలాంటివాడు నీళ్ళలో ఊరుకోడు, నీటి అణువుల్లోంచి హైడ్రాక్సిల్ లాక్కుని హైడ్రాక్సైడ్ గా అడుగుకి దిగిపోతాడు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తే ఆ గోల ఉండదు. నేను చేసిన తప్పు నాకు ఆరు గంటల ల్యాబ్ పోగొట్టింది గానీ, సరిగ్గా ఆ తప్పునే కావాలని చేస్తే దాన్ని సీరియాన్ని వేరు చేసే పద్ధతి అంటారు! పదిహేనుమందీ కలిసి ఉన్న ద్రావణంలో సీరియాన్ని ఆక్సీకరణం చెయ్యండి, అది ప్లస్ 4 అవుతుంది, ఆమ్లత కాస్త తగ్గించండి, అది హైడ్రాక్సైడ్ గా కింద పడుతుంది, మిగతావాళ్ళు ప్లస్ 3 లో ద్రావణంలోనే ఉండిపోతారు. వడకట్టుకోండి. 15 వేల సార్ల పని ఒకటి రెండు సార్లలో అయిపోయింది. సముద్రం కూడా ఇదే పని చేస్తోంది తెలుసా? సముద్రపు నీళ్ళలో సీరియం దాని అన్నదమ్ములతో పోలిస్తే ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ వల్ల ప్లస్ 4 అయిపోయి అడుగుకి చేరుతుంది.

ఇక్కడ పన్నెండో తరగతి పిల్లలెవరైనా ఉన్నారా? మీరు ల్యాబ్ లో ఆల్కహాల్ ని గుర్తుపట్టడానికి సెరిక్ అమ్మోనియం నైట్రేట్ చుక్కలు వేస్తారు, ఎర్రగా మారుతుంది. క్యాన్ టెస్ట్ అని రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటారు. ఇంటికి వెళ్ళి రికార్డు తీసి చూడండి, అక్కడున్నది ఈయనే.

సరే, దీన్ని ఎవరు కనిపెట్టారు? 1801 జనవరి 1న ఇటలీలో పియాజీ అనే ఖగోళ శాస్త్రవేత్త సెరెస్ అనే చిన్న గ్రహాన్ని చూశాడు. ఆ హడావిడి ఇంకా తగ్గకముందే, 1803లో స్వీడన్లో బెర్జీలియస్, హిసింగర్ ఒకపక్క, జర్మనీలో క్లాప్రోత్ ఇంకోపక్క, బాస్ట్‌నెస్ గని నుంచి వచ్చిన బరువైన రాయిలో కొత్త ఆక్సైడ్ పట్టుకున్నారు. ఆ గ్రహం పేరే దీనికి పెట్టారు. బెర్జీలియస్ కి అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. అయితే వాళ్ళు పట్టుకున్నది ఒక్క మూలకం కాదు, ఒక ఉమ్మడి కుటుంబం. 1839లో మొసాండర్ అందులోంచి లాంథనం బయటికి లాగాడు. లాంథనం అంటే గ్రీకులో దాక్కుని ఉండటం. ఆ తర్వాత డిడిమియం అనే ఇంకో మూలకం ఉందన్నాడు, అదీ ఒకటి కాదు, 1885లో కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాక్ దాన్ని రెండుగా విడగొట్టాడు. ఇవాళ అందరూ ఎగబడుతున్న నియోడిమియం అందులో ఒకటి. సీరియాన్ని లోహంగా చూడటానికి మాత్రం 1875 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ వెల్స్‌బాక్ పేరు గుర్తుపెట్టుకోండి, ఆస్ట్రియా ఆయన. పెట్రోమాక్స్ లైటు ఎంతమంది చూశారు? అబ్బో, తల నెరిసిన వరసంతా చేతులెత్తింది. పెళ్ళి ఊరేగింపుల్లో తల మీద పెట్టుకుని మోసేవాళ్ళు, బుర్రకథ అంటే పందిట్లో రెండు వేలాడాల్సిందే, చుట్టూ పురుగులు. అందులో తెల్లటి గుడ్డ సంచిలాంటిది ఉండేది కదా, మాంటిల్. మొదటిసారి వెలిగిస్తే గుడ్డ కాలిపోయి బూడిద గూడు మిగిలేది, వేలు తగిలితే పొడి. పిల్లలు ఆ వేలు పెట్టి తన్నులు తిన్న సందర్భాలు ఈ హాల్లోనే చాలా ఉండి ఉంటాయి. ఆ గూడు బూడిద కాదండీ, ఆక్సైడ్. 99 పాళ్ళు థోరియం ఆక్సైడ్, 1 పాలు సీరియం ఆక్సైడ్. ఒక్క పాలు! థోరియం ఆక్సైడ్ ఒక్కటే పెడితే వెలుగు నీరసంగా ఉంటుంది. సీరియం ఎక్కువ వేస్తే మంట వేడినంతా వేడిగానే బయటికి పోగొడుతుంది, గూడు చల్లబడుతుంది, మళ్ళీ వెలుగు పడిపోతుంది. ఆ కొలత దొరకడానికి ఆయనకి ఏళ్ళు పట్టింది. 1885లో పేటెంటు తీసుకున్న మాంటిల్ సరిగ్గా నడవలేదు, 1891లో ఈ 99, 1 కూర్పుతో ఊళ్ళన్నీ వెలిగాయి.

థోరియం కావాలంటే మోనజైట్ అనే ఇసుక కావాలి. ఆ ఇసుక మన దేశంలో ఎలా బయటపడిందో చెప్తాను, ఇది నాకు భలే నచ్చిన కథ. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ కెమిస్టు, కేరళ నుంచి వెళ్ళిన కొబ్బరిపీచుకి అంటుకున్న ఇసుకలో మోనజైట్ రవ్వలు చూశాడు. కొబ్బరిపీచుకి అంటుకున్న ఇసుక! అక్కణ్ణించి తిరువాన్కూరు తీరం ఇసుక ఓడలెక్కింది, మన ఇసుకతో యూరప్ వీధుల్లో దీపాలు వెలిగాయి. స్వతంత్రం వచ్చాక 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ పెట్టారు, ఆలువాలో మోనజైట్ ని శుద్ధి చేసే కర్మాగారం 1952లో మొదలైంది.

మోనజైట్ అంటే రేర్ ఎర్త్ ల ఫాస్ఫేట్. అందులో రేర్ ఎర్త్ ల వాటాలో దాదాపు సగం సీరియమే. మరి మాంటిల్ కి కావాల్సింది థోరియం, సీరియం ఒక్క పాలు చాలు. మిగిలిందంతా ఏం చెయ్యాలి? వెల్స్‌బాక్ ఫ్యాక్టరీ దగ్గర గుట్టలు పడింది. మనలాంటివాళ్ళమైతే కాలవలో పారబోసేవాళ్ళం. ఆయన ఆ చెత్తని లోహంగా మార్చి, సుమారు 70 పాళ్ళకి 30 పాళ్ళు ఇనుము కలిపి చూశాడు. గీరితే నిప్పురవ్వలు! 1903లో దానికి పేటెంటు. సిగరెట్ లైటర్లో చక్రం కింద ఉండే చిన్న రాయి, మనం రాయి రాయి అంటాం గానీ అది రాయి కాదు, ఈ మిశ్రమ లోహం.

ఎందుకు రవ్వలొస్తాయి? సీరియం లోహం మెత్తన, కత్తితో కోయచ్చు, కోసినచోట వెండిలా మెరుస్తుంది. కాసేపు గాలిలో ఉంచితే నల్లబడుతుంది. అల్యూమినియం గిన్నె మీద కూడా ఆక్సైడ్ పొర కడుతుంది, కానీ అది గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. సీరియం ఆక్సైడ్ పెచ్చులూడిపోతుంది. పాత గోడకి సున్నం వేసినట్టు, ఊడుతుంది, లోపలి లోహం బయటపడుతుంది, అదీ కాలుతుంది, మళ్ళీ ఊడుతుంది. పైగా అది అంటుకోవడానికి 150 నుంచి 180 డిగ్రీల వేడి చాలు. చక్రం గీరినప్పుడు రేగే పొడికి ఆ రాపిడి వేడే సరిపోతుంది. ఇనుము కలపడం దేనికంటే, వట్టి సీరియం మెత్తగా అణుగుతుంది, పొడి రాలదు. ఇనుముతో పెళుసవుతుంది. నా జేబులో అలాంటి కడ్డీ ఒకటుంది, చివర్లో చూపిస్తాను, కాబట్టి మధ్యలో లేవకండి.

ఇప్పుడు మీ ఫోన్ దగ్గరికి. ఫ్లాష్ లోపల ఉన్న చిప్ ఇచ్చేది నీలం వెలుగు. నీలం ఎల్ఈడీ పనికి అకాసాకి, అమనో, నకమురా ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. నీలం సరే, తెలుపు ఎలా? ఆ చిప్ మీద యిట్రియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన స్ఫటికాల పొడి పూస్తారు, అందులో యిట్రియం బదులు అక్కడక్కడా కొద్దిగా సీరియం. ప్లస్ 3 సీరియం. అంటే మన నాలుగో ఎలక్ట్రాన్ ఇంట్లోనే ఉంది. నీలం వెలుగు తగలగానే అది 4ఎఫ్ నుంచి 5డీ కి ఎగురుతుంది, దిగేటప్పుడు పసుపు వెలుగు వదులుతుంది. నీలం కొంత, పసుపు కొంత, కంటికి తెలుపు. ఫ్లాష్ ఆర్పి ఉన్నప్పుడు మీకు కనిపించిన పసుపు ఆ పొడిదే. మిగతా అన్నదమ్ములు కూడా వెలుగునిస్తారు, పాత టీవీ తెరల్లో యూరోపియం ఎరుపు అలాంటిదే. కానీ వాళ్ళది ఎఫ్ నుంచి ఎఫ్ కి గెంతు, గీత గీసినట్టు ఒక్క రంగు వస్తుంది. 5డీ బయటి గది, చుట్టుపక్కల పరమాణువుల ప్రభావం పడుతుంది, అందుకే సీరియం వెలుగు పరుచుకుని వస్తుంది, ఆకుపచ్చ నుంచి ఎరుపు అంచు దాకా. ఇంట్లో తెల్ల ఎల్ఈడీ బల్బుల్లో దాదాపు అన్నిటి వెనకా ఈ గెంతే ఉంది. ఒకప్పుడు పెట్రోమాక్స్ లో ఒక్క పాలు, ఇప్పుడు ఎల్ఈడీలో ఇంకా తక్కువ పాళ్ళు.

పెట్రోలు కారు పొగగొట్టంలో కూడా ఇదే ఎలక్ట్రాన్ పని చేస్తోంది. పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఉంటుంది, తేనెపట్టులాంటి పింగాణీ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం. ఖరీదు, దొంగతనాలు అన్నీ వాటివల్లే. కానీ ఇంజిన్లో గాలి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతూ ఉంటుంది. గాలి తక్కువైనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ని కాల్చడానికి ఆక్సిజన్ ఎక్కణ్ణించి రావాలి? సీరియం ఆక్సైడ్ ఇస్తుంది, ఇచ్చి ప్లస్ 3 లోకి దిగుతుంది. గాలి ఎక్కువైనప్పుడు తిరిగి తీసుకుని ప్లస్ 4 అవుతుంది. చేబదులు ఇచ్చి పుచ్చుకున్నట్టు, సెకనులో ఎన్నోసార్లు. ఇంకా కళ్ళజోడు అద్దాలు, ఫోన్ తెరలు నునుపు చెయ్యడానికీ ఈ ఆక్సైడ్ పొడే, అది గాజుని ఊరికే అరగదీయదు, గాజు పైపొరతో రసాయనికంగా అంటుకుని లాగేస్తుంది. దాని సంగతి ఇంకోసారి.

బెలూసోవ్ కథ చెప్పకుండా వదల్లేను. 1951లో రష్యాలో ఈయన సిట్రిక్ ఆమ్లం, బ్రోమేట్, సీరియం కలిపాడు. ద్రావణం పసుపైంది, రంగు పోయింది, మళ్ళీ పసుపు, మళ్ళీ పోయింది. గడియారంలా. ప్లస్ 4, ప్లస్ 3, ప్లస్ 4. పత్రికకి పంపితే ఇది అసాధ్యం అని తిప్పికొట్టారు, రసాయన చర్య వెళ్ళిన దారినే వెనక్కి వస్తుందా అని. విసిగిపోయి 1959లో ఎవరూ చదవని ఒక సంకలనంలో చిన్న వ్యాసంగా వేయించుకున్నాడు. తర్వాత జబోటిన్‌స్కీ అనే కుర్రాడు దాన్ని పట్టుకుని లోకానికి చూపించాడు. 1980లో లెనిన్ బహుమతి ఇచ్చారు, బెలూసోవ్ పోయి అప్పటికి పదేళ్ళు. కళ్ళ ముందు సీసాలో రంగు మారుతుంటే, ఒకసారి కలిపి చూద్దామని కూడా అనిపించలేదంటే ఏమనాలి వాళ్ళని?

ప్రశ్నలు

ఆ మేడం గారు అడుగుతున్నారు, మన తీరంలో ఉందా అని. ఉందమ్మా. భీమిలి వైపు గానీ కళింగపట్నం వైపు గానీ వెళ్ళినప్పుడు ఒడ్డున నల్లటి చారలు చూసే ఉంటారు. ఆ నలుపు ఎక్కువగా ఇల్మనైట్, టైటానియం ఖనిజం. మోనజైట్ తేనెరంగు రవ్వలు, కొద్దిగా కలిసి ఉంటాయి. దేశంలోని మోనజైట్ నిల్వల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్ తీరానిదే. అయితే సీసాలో పట్టుకెళ్ళి అమ్ముదామనుకోకండి. అందులో రేడియోధార్మిక థోరియం ఉంది కాబట్టి అణుశక్తికి సంబంధించిన చట్టాల కిందికి వస్తుంది, లైసెన్సు లేకుండా తవ్వకూడదు, అమ్మకూడదు.

ఇంకొకరు... వంటింటి లైటర్లో కూడా ఇదేనా అని. టిక్కుమనే పొడుగు లైటర్ అయితే కాదండీ, అందులో స్ఫటికాన్ని సుత్తిలా కొడితే కరెంటు పుట్టి నిప్పురవ్వ వస్తుంది. కరకరమని గీరే పాతరకం ఉంటే అందులో ఇదే రాయి. మీ ఇంట్లో ఏదో చూసుకోండి.

మంచి ప్రశ్న, సీరియం అంటుకుంటే నీళ్ళు పోయచ్చా? పోయకూడదు. కాలుతున్న సీరియం నీళ్ళతో కలిసి హైడ్రోజన్ ఇస్తుంది, నిప్పు మీద హైడ్రోజన్ అంటే ఇంక చెప్పక్కర్లేదు. పొడి ఇసుక వెయ్యాలి. అందుకే ఈ బల్ల మీద ఇసుక పళ్ళెం పెట్టించాను, ఇందాకటి నుంచి ఇదెందుకని చూస్తున్నారు కదా.

ఇదిగో కడ్డీ. ముందు వరసలో పిల్లలు రెండు కుర్చీలు వెనక్కి జరగండి. బాబూ, ఆ లైట్లు ఒకసారి ఆర్పు.